టెక్ సందేహాలు: టెలిస్కోప్‌లో చుక్కలు గారెల్లా వస్తున్నాయి, ఏం చేయాలి?

*అనంతపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: 6 అంగుళాల న్యూటోనియన్ (అద్దాలతో పనిచేసే) టెలిస్కోప్ (ఫోకల్ లెంగ్త్ 750 మి.మీ.), మోటారు మౌంటు, సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నాయి. శింగనమల వైపు వెళ్లి గొల్లకావడి (వరుసగా కనిపించే మూడు చుక్కలు) కింద ఉన్న నెబ్యులాను, అంటే వాయువుల మేఘాన్ని ఫొటో తీశాను. కెమెరా స్క్రీన్ మీద బాగానే ఉంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే చుక్కలన్నీ గారెల్లా ఉన్నాయి, మధ్యలో చిల్లుతో సహా. అద్దం పాడైందా?*

అద్దానికేం కాలేదు. ఆ చిల్లు మీ టెలిస్కోప్ లోపల ఉన్న చిన్న అద్దం నీడ. ఫోకస్ తప్పితేనే అది కనిపిస్తుంది. మూడంగుళాల స్క్రీన్ మీద ఈ తేడా కంటికి ఆనదు.

దీనికి మందు బాహ్తినోవ్ మాస్క్. రష్యాకు చెందిన పావెల్ బాహ్తినోవ్ అనే ఔత్సాహిక ఖగోళ ఫొటోగ్రాఫర్ 2005లో రూపొందించారు. చూడటానికి గాట్లు పెట్టిన గుండ్రటి మూత, అంతే. ఒక సగంలో గాట్లన్నీ ఒకే దిశలో ఉంటాయి. రెండో సగాన్ని మళ్లీ రెండు ముక్కలు చేసి, ఒకదాంట్లో ఇటు, ఇంకోదాంట్లో అటు ఏటవాలుగా కోస్తారు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వివర్తనం (సన్నటి సందుల్లోంచి పోయేటప్పుడు కాంతి వంగి పరుచుకోవడం) ఇక్కడ పనికొస్తుంది: ఒక్కో గాట్ల వరుస నక్షత్రం మీదుగా ఒక్కో వెలుగు గీత వేస్తుంది. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మూడోది వాటి మధ్య నుంచి పోతుంది. ఫోకస్ మారితే ఈ మూడో గీత పక్కకు జరుగుతుంది. సరిగ్గా ఇంటూ నడిమధ్యకు వస్తే ఫోకస్ కుదిరినట్టు.

నెబ్యులా మీద ఈ పని చేయకండి. పక్కనే లుబ్ధకుడు ఉన్నాడు, సిరియస్ అంటారే, ఆకాశం మొత్తంలో అంతకంటే వెలుగున్న నక్షత్రం లేదు. దాని మీదకు తిప్పండి. మాస్క్‌ను టెలిస్కోప్ మూతికి తగిలించి, కెమెరాలో ఐఎస్‌వో 1600 పెట్టి, లైవ్ వ్యూను (స్క్రీన్ మీద నేరుగా కనిపించే బొమ్మను) పది రెట్లు పెద్దది చేసి చూడండి. ఫోకసర్ (ఫోకస్ సర్దే గొట్టం) నాబ్‌ను తిప్పుతూ పోతే మధ్య గీత నెమ్మదిగా జరుగుతుంది. మధ్యకు రాగానే ఆగిపోకండి. కొంచెం అవతలికి పోనిచ్చి వెనక్కి తెండి, మధ్య ఎక్కడో కంటికి అలవాటవుతుంది. తర్వాత ఫోకసర్ లాక్ స్క్రూ బిగించి మళ్లీ చూడండి. ఈ రెండోసారి చూడటమే చాలామంది మానేస్తారు. చవక ఫోకసర్లలో స్క్రూ బిగించగానే గొట్టం కాస్త కదులుతుంది, అంతవరకు పడ్డ పాట్లు వృథా.

మీ టెలిస్కోప్‌లో చిన్న అద్దాన్ని పట్టుకున్న కడ్డీలు కూడా నక్షత్రానికి ప్లస్ గుర్తులా గీతలు వేస్తాయి. మాస్క్ గీతలు వాటితో కలిసిపోతే మాస్క్‌ను కొద్దిగా గుండ్రంగా తిప్పండి, విడిపోతాయి.

ఒక్కసారి ఫోకస్ పెట్టి తెల్లవార్లూ ఫొటోలు తీస్తామంటే కుదరదు. మీది ఎఫ్/5 టెలిస్కోప్, అంటే ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు ఐదు రెట్లు. కెమెరాలో బొమ్మ పడే సెన్సర్, ఫోకస్ కుదిరే చోట సుమారు 0.07 మి.మీ. మందంలోపల ఉంటేనే చుక్క పదునుగా వస్తుంది. చలికాలంలో మీ వైపు సాయంత్రానికీ తెల్లవారుజాముకూ మధ్య పది డిగ్రీలు పడిపోవడం మామూలే. 750 మి.మీ. ఉక్కు గొట్టం పది డిగ్రీలు చల్లబడితే దాదాపు 0.09 మి.మీ. కుంచించుకుంటుంది. అంటే మీరు నాబ్ ముట్టుకోకపోయినా ఫోకస్ జారిపోతుంది. గంటకోసారి మాస్క్ పెట్టి చూసుకోండి. రాత్రి మొదట్లో అయితే మరీ త్వరత్వరగా చూడాలి, గొట్టం వేగంగా చల్లబడేది అప్పుడే.

అన్నట్టు, అసలు ఫొటోలు మొదలుపెట్టే ముందు మాస్క్ తీసేయడం మర్చిపోవద్దు. సగానికి పైగా వెలుతురు అక్కడే ఆగిపోతుంది, పెద్ద చుక్కలన్నిటికీ మూడేసి గీతలు మిగులుతాయి.

*ప్రొద్దుటూరు పాఠకుడు: ఈ మాస్క్ ఆన్‌లైన్‌లో కొనాలా? ఇంట్లో చేసుకోవచ్చా? కొలతలెలా?*

చేసుకోండి. ఇందులో లెన్సూ లేదు, ఎలక్ట్రానిక్సూ లేదు. గాట్ల అంచు కొంచెం అటూఇటూ అయినా పనిచేస్తుంది. ఫోకల్ లెంగ్త్‌ను 150తో భాగించండి. వచ్చేది ఒక గాటు, పక్కన వదిలేసే పట్టీ, రెండూ కలిపిన వెడల్పు. 750 మి.మీ. అయితే 5 మి.మీ., అంటే గాటు రెండున్నర, పట్టీ రెండున్నర. ఏటవాలు గాట్లు తిన్నటి వాటికి సుమారు 20 డిగ్రీల కోణంలో ఉండాలి. నల్ల అట్ట మీద గీసి బ్లేడుతో కోస్తే ఒక సాయంత్రం పని. మీ టెలిస్కోప్ 400 మి.మీ.దైతే గాటు 1.3 మి.మీ.కి దిగుతుంది, చేత్తో కోయడం కష్టం. షీల్డులు, నేమ్ బోర్డులు చేసే దుకాణాల్లో లేజర్ కటింగ్ ఉంటుంది. కొలతలిస్తే డిజైన్ గీసిచ్చే ఉచిత వెబ్‌సైట్లు ఉన్నాయి, ఆ ఎస్‌వీజీ ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి 2 మి.మీ. నల్ల యాక్రిలిక్ మీద కోయించండి. టెలిస్కోప్ మూతికి గట్టిగా పట్టేలా అంచున మూడు చోట్ల చిన్న ముక్కలు అతికించుకుంటే జారదు. మామూలు పారదర్శక ఓహెచ్‌పీ షీటు మీద ప్రింట్ తీసి పెట్టే చిట్కా మాత్రం నాకు నచ్చదు. కాంతి ఆ ప్లాస్టిక్ గుండానే రావాలి, అదేమో నునుపుగా ఉండదు.

*కర్నూలు నుంచి ఒక టీచర్: పిల్లలకు చంద్రుణ్ని చూపిద్దామని మాస్క్ పెడితే గీతలే రావడం లేదు.*

రావు. గీతలు రావాలంటే చుక్కలా కనిపించే వెలుగు కావాలి. చంద్రుడి మీద ప్రతి బిందువూ తన గీతలు తాను వేస్తుంది, అన్నీ కలిసి మసకే మిగులుతుంది. ఏదైనా పెద్ద నక్షత్రం మీద ఫోకస్ కుదిర్చి, నాబ్ ముట్టుకోకుండా చంద్రుడి వైపు తిప్పండి. ఫొటో తీయడానికి ఇది చాలు. పిల్లలు ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) చూసేటప్పుడైతే ఎవరి కంటికి తగ్గట్టు వారు తిప్పుకోవాల్సిందే, మాస్క్ అక్కర్లేదు. వెలుగు నీడలు కలిసే అంచు దగ్గర గుంటలు స్పష్టంగా కనపడేదాకా తిప్పమనండి.

ఇంకో మాట పిల్లలకు గట్టిగా చెప్పండి: ఈ మాస్క్ సోలార్ ఫిల్టర్ కాదు. గాట్ల గుండా వచ్చే ఎండ కూడా కన్ను పోగొట్టడానికి చాలు. పగలు టెలిస్కోప్ బయట పెడితే మూత తీయనివ్వకండి.