థియాలజీ చదివితే మా అమ్మాయి గతేంటి?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫస్ట్ క్లాసులో పాసైంది. ఇప్పుడు థియాలజీ (దైవశాస్త్రం) చదువుతాను, చర్చి చరిత్రలో పరిశోధన చేస్తాను అంటోంది. మా వాళ్లేమో అది ఎక్కడా సీటు రానివాళ్లు వెళ్లే చదువంటున్నారు. ఇంగ్లండ్‌లో ఏడాది ఎంఏ చేస్తే విలువుంటుందని, 28 లక్షలకు లోన్ ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఇక్కడ బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) మంచిదా, అక్కడ ఎంఏ మంచిదా? పెళ్లి కావాల్సిన పిల్ల. అయ్యగారి (పాస్టరు) భార్యను అమ్మగారు అంటాం. మా పిల్లే సంఘాన్ని నడిపితే దాని భర్తను ఏమంటారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీకు రాసేముందు మీ అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడాను. ఈ చదువే ఎందుకమ్మా అంటే నానమ్మ ప్రార్థనల పుస్తకం సంగతి చెప్పింది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకున్న పాత తెలుగు పుస్తకం. అందులో ఇంగ్లండ్ రాజు కోసం చేసే ప్రార్థన మీద ఎవరో పెన్సిల్‌తో గీత కొట్టారట. "మన ఊళ్లో వాళ్లు ఆ రాజు కోసం ఎందుకు ప్రార్థన చేశారు సార్? ఎప్పుడు మానేశారు?" అని అడిగింది.

ఆ గీత కిందున్న చరిత్ర చిన్నది కాదు. 1534లో ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకుని, ఇంగ్లండ్ చర్చికి తానే పెద్దనని చట్టం చేయించుకున్నాడు. 1662 నాటి ప్రార్థనల పుస్తకంలో రాజు కోసం ప్రార్థన ఉండటానికి మూలం అక్కడుంది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషనరీలు బందరులో దిగారు. ఆ ఆరాధన క్రమం మన ప్రాంతానికి అలా వచ్చింది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చి పద్ధతివాళ్లు), మెథడిస్టులు, ఇంకొన్ని సంఘాలవాళ్లు కలిసి సీఎస్ఐ అయ్యారు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో కొందరు ఆ కలయికకు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదన్నదే ఒక పరిశోధన. ఇరవై ఒక్కేళ్లకే ఇంత మంచి ప్రశ్న పట్టుకున్న పిల్ల నా దగ్గరికి ఏడాదికొకరు కూడా రారు.

సీటు రానివాళ్ల చదువన్న మాటకు వద్దాం. థియలాజికల్ కాలేజీలకు డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేట్ కింద నడిచే బీడీ, ముందే డిగ్రీ అయినవాళ్లకు నాలుగేళ్ల చదువు. హీబ్రూ, గ్రీకు, పాత నిబంధన, కొత్త నిబంధన, క్రైస్తవ చరిత్ర, ఇతర మతాలు, నీతిశాస్త్రం అన్నీ ఉంటాయి. మీ బంధువుల్లో ఒక్కరినైనా గ్రీకు అక్షరాలు రాయమనండి.

మిమ్మల్ని ఒక మాట అనాలి, కోపం తెచ్చుకోకండి. ఈ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడు "దేవుని సేవకు" అని అయ్యగారితో ప్రార్థన చేయించారట మీరే. తనే చెప్పింది. ఇప్పుడు తను సరే అంటే మీరు వెనకాడుతున్నారు. కొడుకైతే ఇలా అడిగేవారా? 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు. సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ మన తెలుగావిడే. అల్లుడిని ఏమని పిలవాలో సంఘమే చూసుకుంటుంది. అతన్ని పేరు పెట్టి పిలిస్తే తప్పేముంది? ఈ చదువు చూసి వద్దనే సంబంధం రేపు పెళ్లయ్యాక అచ్చిరాదు. పోతే పోనివ్వండి.

ఇంగ్లండ్ విషయంలో నాకు చాలా అనుమానాలున్నాయి. ఈ మధ్య ప్రతి రెండో ఇంట్లో ఇదే మాట. ఏడాది కోర్సులో ఊరు అలవాటయ్యేలోపే థీసిస్ ఇచ్చేయాలి. హీబ్రూ, గ్రీకు పునాది లేకుండా వెళ్తే పైపైనే చదువుతుంది. ఎంఏ థియాలజీ ఉన్నంత మాత్రాన అక్కడి చర్చి ఎవరినీ పాస్టరుగా తీసుకోదు, ఆ ఎంపిక పూర్తిగా వేరు. ఇక్కడా అంతే. డిగ్రీ కాలేజీ ఇస్తుంది, పాస్టరుగా అభిషేకం డయాసిస్ (బిషప్ కింద ఉండే సంఘాల మండలి) ఇస్తుంది. మరి తిరిగొచ్చాక 28 లక్షల అప్పు ఏ జీతంతో తీరుస్తుంది? లోన్ కాగితం మీద ఆ పిల్లతో సంతకం పెట్టించకండి.

అలాగని ఇంగ్లండ్ అసలే వద్దనను. సీఎంఎస్ మిషనరీల ఉత్తరాలు, రిపోర్టులు బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. బందరు మీద పరిశోధన చేసేవాళ్లకు అవి కావాలి. బీడీ, ఆ పైన ఎంటీహెచ్ (థియాలజీలో మాస్టర్స్) అయ్యాక స్కాలర్‌షిప్ మీద, ఏం వెతకాలో తెలిసి వెళ్లమనండి.

ఇక్కడైతే హైదరాబాద్‌లో ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కాలేజీ, బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, కోల్‌కతాలో 1820లో ఆంగ్లికన్లు పెట్టిన బిషప్స్ కాలేజీ ఉన్నాయి. తెలుగు సంఘంలో పనిచేయాలని ఉంటే హైదరాబాద్, పరిశోధన మీదే మనసుంటే బెంగళూరు అంటాను. పాస్టరు కాకపోయినా థియలాజికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పడం, ఆసుపత్రి చాప్లిన్, బైబిల్ అనువాదం లాంటి పనులున్నాయి. సాఫ్ట్‌వేర్ జీతం మాత్రం రాదు, ఆ సంగతి పిల్లకు ముందే తెలుసు. మామూలు కాలేజీలో లెక్చరర్ దారి కూడా తెరిచి ఉండాలంటే ఎప్పుడో ఒకప్పుడు ఎంఏ హిస్టరీ కూడా చేయించండి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ కలిసి మీ అయ్యగారిని కలవండి. డయాసిస్ తరఫున పంపుతారా, సొంత ఖర్చుతో చేరాలా, ఎప్పటికి దరఖాస్తు పెట్టాలి అని అడగండి. మాటలు పిల్లనే మాట్లాడనివ్వండి. నానమ్మ పుస్తకం ప్లాస్టిక్ కవర్లో ఉందట. తీసి పొడి నూలు గుడ్డలో చుట్టండి, కవర్లో చెమ్మ పట్టి కాగితం పాడైతే ఆ పెన్సిల్ గీతా పోతుంది.