డిజిటల్ గేములను స్నేహితులకు అరువు ఇవ్వవచ్చా?

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో డబ్బు పెట్టి కొనుక్కున్న గేములు నా దగ్గర చాలా ఉన్నాయి. హాస్టల్లో నా మిత్రుడు ఒక గేమ్ ఆడుకుంటానని నా పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. ఇవ్వడం తప్పా? స్టీమ్ ఫ్యామిలీలో అతన్ని చేర్చుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. స్టీమ్ ఒప్పందం దాన్ని స్పష్టంగా నిషేధిస్తోంది. అంతకంటే ముఖ్యంగా, మీ మిత్రుడు అడిగింది ఒక్క గేమే అయినా మీరు అతని చేతికిచ్చేది మీరు ఇంతవరకు కొన్న గేములన్నిటినీ, వాలెట్‌లో మిగిలిన సొమ్మునూ.

డిస్క్ కొన్నప్పుడు ఆ వస్తువు మనదయ్యేది కనుక ఎవరికిచ్చినా అడిగేవారు లేరు. డిజిటల్ గేమ్ విషయంలో మనకు దక్కుతున్నది మన ఖాతాకు ముడిపడిన లైసెన్సు, అంటే ఆడుకునేందుకు అనుమతి మాత్రమే. ఈ సంగతిని కొనేవారికి ముందే స్పష్టంగా తెలపాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పూర్తి ధర తీసుకుని, తోటివారికి అరువిచ్చే పాత హక్కును మాత్రం తీసేయడం కొనుగోలుదారుకు అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. అయినా ఆ అన్యాయాన్ని పాస్‌వర్డ్ పంచుకుని సరిదిద్దలేము; నష్టపోయేది మీరే.

ఒకరు కొన్న గేములను మిగతావారు తమ ఖాతాల నుంచే ఆడుకునేలా 2024లో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్ ఏర్పాటు నిజంగా మంచిదే, కానీ అది ఒకే ఇంట్లో ఉండేవారి కోసం ఉద్దేశించినది. మీతో కలిపి ఆరుగురు ఉండవచ్చు. ఒకరు ఒక గేమ్ ఆడుతున్నప్పుడు మరొకరు అదే లైబ్రరీలోని ఇంకో గేమ్ ఆడుకోవచ్చు. పాత పద్ధతిలో ఇది కుదిరేది కాదు. ఒకే గేమ్‌ను ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కాపీలు కొనవలసిందే. ఎవరి సేవ్ ఫైళ్లు (ఆట ఎంతవరకు వచ్చిందో దాచే ఫైళ్లు) వారివిగానే ఉంటాయి. నిర్మాతలు అనుమతించని గేములు కొన్ని ఈ పంపకంలోకి రావు.

మిత్రుణ్ని చేర్చుకునే ముందు రెండు షరతులు గుర్తుంచుకోండి. అతను మీ కాపీతో ఆడుతూ చీటింగ్ చేసి నిషేధానికి గురైతే, ఆ గేమ్‌లో మీపై కూడా నిషేధం పడుతుంది. ఇక, చేరినవారు మధ్యలో వెళ్లిపోయినా, వారు చేరిన నాటి నుంచి ఏడాది గడిచేదాకా ఆ చోటు మరొకరికి దక్కదు, వారూ వేరే ఫ్యామిలీలో చేరలేరు. రేపు మీ తమ్ముడికో చెల్లెలికో కావలసిన చోటును హాస్టల్ పరిచయానికి ఇవ్వడం తొందరపాటు అవుతుంది.

మీ ఇద్దరూ కలిసి ఆడుకోవడమే కోరిక అయితే స్టీమ్‌లోనే ఉన్న రిమోట్ ప్లే టుగెదర్ సదుపాయం వాడండి. ఒకే తెరపై ఇద్దరు ఆడగలిగే గేమ్ మీ ఒక్కరి దగ్గర ఉంటే చాలు, మిత్రుడు తన ఖాతా నుంచే ఇంటర్నెట్ ద్వారా చేరవచ్చు. గేమ్ తనకు నచ్చుతుందో లేదో చూడాలనుకుంటే అతన్నే కొనుక్కోమనండి: కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందే అడిగితే స్టీమ్ సాధారణంగా డబ్బు వాపసు ఇస్తుంది.

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలకు చెరొక నింటెండో స్విచ్ గేమ్ పరికరం ఉంది. పెద్దవాడి ఖాతాలో కొన్న డిజిటల్ గేమ్‌ను చిన్నదానికి ఇవ్వవచ్చా? పక్కింటి పిల్లలకూ ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: పిల్లలిద్దరి ఖాతాలు మీ నింటెండో ఫ్యామిలీ గ్రూప్‌లో ఉంటే ఇవ్వవచ్చు. 2025లో నింటెండో తెచ్చిన వర్చువల్ గేమ్ కార్డ్ ద్వారా గేమ్‌ను 14 రోజుల వరకు అరువివ్వవచ్చు. గడువు తీరగానే అది దానంతటదే పెద్దవాడికి తిరిగి వస్తుంది. ఇచ్చే సమయంలో రెండు స్విచ్‌లూ దగ్గర దగ్గరగా ఉండాలి, అరువులో ఉన్నన్నాళ్లు పెద్దవాడు ఆ గేమ్ ఆడలేడు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే ఇంట్లో గొడవ తప్పుతుంది.

పక్కింటి పిల్లలు మీ గ్రూప్‌లోని వారు కారు కనుక వారికి ఈ దారి లేదు. ఇచ్చిపుచ్చుకోవాలనుకునే గేములను ఇకపై చేతికి వచ్చే అసలు కార్డు రూపంలోనే కొనండి. స్విచ్ 2 కోసం అమ్ముతున్న గేమ్-కీ కార్డులలో గేమ్ మొత్తం ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి. అయినా అవి ఏ ఖాతాకూ ముడిపడవు కనుక వాటిని కూడా నిశ్చింతగా అరువివ్వవచ్చు.