లోపలికి చూసే సినిమాకి మార్కులెలా వేయాలి? ‘ఇకిరు’ మీద లెక్క కట్టి చూపిస్తాను

ప్రశ్న: మనిషి అంతరంగం చుట్టూ తిరిగే నెమ్మదైన విదేశీ సినిమాకి రివ్యూ రాసేటప్పుడు రేటింగ్ ఎలా ఇవ్వాలి? మామూలుగా ‘ఐదుకి ఇంత’ అని వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఐదుకి 2.75 అనే అంకె టికెట్ డబ్బులు గిట్టుబాటు అవుతాయా లేదా చెప్పడానికి పుట్టింది. ఇంటర్వెల్ ఎలా పడింది, సెకండాఫ్ సాగదీశారా, పాటలు కుదిరాయా అనే కొలతలు మొదటి రోజు మొదటి ఆటకి పనికొస్తాయి. మనిషి లోపల జరిగేదాన్ని పట్టుకునే సినిమాకి వేరే కొలబద్ద కావాలి. నేను వాడేది పది మార్కులది. అందులో అరలూ పావులూ ఉండవు. ఆ పావు మార్కు ఎక్కడ పోయిందో ఒక్క వాక్యంలో చెప్పిన రివ్యూ నాకింతవరకు కనబడలేదు. చెప్పలేని మార్కు వేయకూడదు, కోయకూడదు.

మాట లేని చోట ముఖం ఎంత పని చేసిందో దానికి 3. శబ్దానికీ నిశ్శబ్దానికీ కలిపి 2. నిడివి ఊరికే గడిచిందా, ఏదైనా సాధించిందా అన్నదానికి 2. మిగిలిన 3 మాత్రం సినిమా అయిపోగానే వేయకూడదు, ఒక రాత్రి గడిచాకే వేయాలి. మర్నాడు పళ్ళు తోముకుంటున్నప్పుడు ఏ సీనూ గుర్తుకు రాకపోతే ఆ మూడూ సున్నాయే.

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1952లో తీసిన ‘ఇకిరు’ని ఈ లెక్కలో పెట్టి చూద్దాం. ఆ జపనీస్ మాటకి అర్థం ‘బతకడం’. తెలుగులో ఒక్క మాటతో అయిపోతుంది, పేరుకి ఇంతకన్నా మంచి అనువాదం అక్కర్లేదు. వటనాబే అని ఒక సిటీ హాల్ సెక్షన్ చీఫ్. దాదాపు ముప్పై ఏళ్ళ సర్వీసు. కడుపులో క్యాన్సర్. సినిమా మొదటి దృశ్యమే ఆయన ఎక్స్‌రే. కాబట్టి చనిపోతాడని చెప్పేస్తే కథ చెప్పేసినట్టు కాదు, కురొసావాయే ముందుగా చెప్పాడు. మొదట్లోనే ఒక చిన్న పని చూడండి. ముద్ర తుడుచుకోవడానికి కాగితం కావాలి. సొరుగులో పాత కట్ట ఒకటుంది, ఆఫీసు పని మెరుగుపరచడానికి ఎప్పుడో రాసిన ప్రతిపాదన. దాని పై పేజీ చింపి, ముద్ర తుడిచి, బుట్టలో పడేస్తాడు. ముఖంలో ఏ మార్పూ ఉండదు. వటనాబేగా వేసిన తకాషి షిమురా ముఖానికి 3కి 3 వేయడానికి నాకు ఇదొక్కటి చాలు.

శబ్దానికి 2కి 2. జబ్బు సంగతి అర్థమయ్యాక ఆయన రోడ్డు మీద నడుస్తుంటాడు, చుట్టూ బండ్లు తిరుగుతున్నా మనకి ఏమీ వినబడదు. ఉన్నట్టుండి లారీ మోత ఒక్కసారిగా మీద పడుతుంది. లోకం చెవిన పడని మనిషిని చూపించడానికి ఇంతకన్నా చవకైన, పదునైన పద్ధతి లేదు.

ఇక మెట్ల సీను. రివ్యూల్లో అందరూ వటనాబే మంచులో ఉయ్యాల ఊగుతూ పాడే సీను గురించే రాస్తారు, ఈ సీనుని వదిలేస్తారు. అది నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే కథ మలుపు తిరిగేది ఇక్కడే. ఆఫీసు మానేసి బొమ్మల ఫ్యాక్టరీలో చేరిన తోయో అనే అమ్మాయితో వటనాబే ఒక రెస్టారెంటు పై అంతస్తులో కూర్చుంటాడు. నువ్వింత హుషారుగా ఎలా ఉంటావని బతిమాలినట్టు అడుగుతాడు. ఆ అమ్మాయికి భయం వేస్తుంది. తను చేసే కీ ఇచ్చే కుందేలు బొమ్మని బల్ల మీద పెడుతుంది. అది గెంతుతుంది. ఇవి చేస్తుంటే జపాన్‌లో ప్రతి పాపతోనూ ఆడుకుంటున్నట్టు ఉంటుందంటుంది. ఆయన ఆ బొమ్మని చేతిలో పట్టుకుని గబగబా మెట్లు దిగుతాడు. అదే సమయానికి ఎవరిదో పుట్టినరోజు. కుర్రాళ్ళంతా మెట్ల పైన నిలబడి ‘హ్యాపీ బర్త్‌డే’ పాడుతున్నారు. వాళ్ళు పాడేది పైకి వస్తున్న అమ్మాయి కోసం, ఆ పాట తగిలేది కిందికి దిగుతున్న ముసలాయనకి. ఆయనకి ఆ పాట వినబడుతోందో లేదో కూడా తెలియదు.

తర్వాత ఆయన ఆఫీసుకి వచ్చి, మురుగుగుంట పూడ్చి పిల్లలకి పార్కు కట్టమన్న ఆడవాళ్ళ అర్జీ బయటికి తీస్తాడు. ఆ ఆడవాళ్ళని సెక్షన్ నుంచి సెక్షన్‌కి తిప్పిన తీరు మన దగ్గర ఏ మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కినవాళ్ళకైనా కొత్త కాదు.

నిడివి 143 నిమిషాలు. ఇక్కడ ఒక మార్కు కోశాను. మధ్యలో ఒక రచయితతో కలిసి బార్లు, డ్యాన్సు హాళ్ళు తిరిగే రాత్రి అవసరానికి మించి సాగింది. రెండో మార్కు మాత్రం పూర్తిగా ఇవ్వాలి. కథానాయకుడు చనిపోయాక ఇంకా దాదాపు 50 నిమిషాల సినిమా ఉంటుంది. సంతాపానికి వచ్చిన ఆఫీసువాళ్ళు ఆయన ఫొటో ముందు సాకే అనే జపాన్ సారా తాగుతూ, ఆ పార్కు ఎవరివల్ల వచ్చిందని వాదించుకుంటారు. ఉయ్యాల మీద పాడుతున్న వటనాబేని చూసింది ఒక పోలీసు. తాగి ఉన్నాడనుకుని వదిలేశానని వచ్చి చెబుతాడు. ఆ మనిషి బతుకులో అన్నిటికన్నా నిండైన క్షణం, దాన్ని పొరబాటుగా అర్థం చేసుకున్నవాడి నోటి నుంచే మనకి అందుతుంది. అంతరంగాన్ని చూపించడమంటే ఇదే. పాత్ర తన మనసులో మాట వాయిస్ ఓవర్‌లో చెప్పుకుంటే దాన్ని ‘లోతైన సినిమా’ అని రాసేవాళ్ళతో నేనెప్పటికీ ఏకీభవించను.

మార్కుల కన్నా ముందు చూసే పద్ధతి సరిగ్గా ఉండాలి, ఎక్కువ రివ్యూలు చెడేది ఇక్కడే. ఆ కాలం సినిమాల ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది. టీవీలో పిక్చర్ సైజు ‘ఒరిజినల్’లో పెట్టకపోతే ముఖాలు అడ్డంగా సాగిపోతాయి, మొదటి మూడు మార్కులకీ అర్థం ఉండదు. కదలికని నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆపేయండి. స్పీడు 1.25 పెట్టారంటే నిడివి మార్కు వేసే హక్కు పోయినట్టే. సబ్‌టైటిల్స్‌తో మరో ఇబ్బంది: కన్ను కింది గీత మీదే ఉండి ముఖం జారిపోతుంది. అందుకని ముఖ్యమైన రెండు మూడు సీన్ల టైము రాసుకుని, సినిమా అయ్యాక అవి మాత్రం సబ్‌టైటిల్స్ తీసేసి మళ్ళీ చూడండి. తర్వాత ఒక సీను మ్యూట్‌లో చూడండి. మ్యూట్‌లో కూడా సంగతి అందితే ముఖానికి మార్కు, మ్యూట్‌లో సీను చచ్చిపోతే ఆ పనంతా సంగీతం చేస్తున్నట్టు.

మర్నాటి మార్కులు 3కి 3. మొత్తం 9. రివ్యూలో ‘9/10’ అని ఒక్కటే రాయకుండా 3, 2, 1, 3 అని విడదీసి రాయండి. నెమ్మదిగా సాగే సినిమా పడనివాళ్ళు ఆ ఒకటిని చూసి నిర్ణయించుకుంటారు.

ఆ చివరి మూడూ నేను వేసింది ఉయ్యాలకి కాదు, కిమురా అనే గుమాస్తాకి. సంతాపానికి వచ్చి తాగిన ఆ రాత్రి అందరూ వటనాబేలా పనిచేస్తామని ఒట్టు పెట్టుకుంటారు. మర్నాడు కొత్త చీఫ్ మళ్ళీ జనాన్ని వేరే సెక్షన్‌కి పొమ్మంటాడు. కిమురా ఒక్కడే చివాల్న లేస్తాడు, నిలబడతాడు, మెల్లగా కూర్చుంటాడు. ఫైళ్ళ దొంతర వెనక అతని ముఖం కనబడకుండా పోతుంది.