పట్టపగలు సైకిల్‌కు లైటు ఎందుకు?

ప్రశ్న: నేను రోజూ ఉదయం ఏడున్నరకు ఊరి శివారు నుంచి సైకిల్‌ మీద ఉద్యోగానికి వెళతాను. ఎదురుగా వచ్చే ఆటోలు, మోటారు సైకిళ్లు నన్ను చూసీ చూడనట్టు నా దారికి అడ్డంగా కుడివైపు తిరిగిపోతుంటాయి. పగలు కూడా ముందు లైటు వెలిగించుకోమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. దుకాణంలో అగ్గిపెట్టె అంతటి లైట్లు రెండు చూశాను. ఒకదాని మీద 400 ల్యూమెన్లు అని, రెండోదాని మీద 150 ల్యూమెన్లు అని రాసి ఉంది. ఎండలో ఇవి సూర్యుడి ముందు దివిటీలే కదా? కొనేట్లయితే ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ సందేహం సబబైనదే. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద పడే ఎండ సుమారు లక్ష లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) ఉంటుంది కాబట్టి, ఏ సైకిల్‌ లైటూ ఆ వెలుగుకు అదనంగా చేర్చగలిగేది ఏమీ లేదు. అయితే పగటి లైటు పని దారి చూపించడం కాదు, మిమ్మల్ని చూపించడం. ఎదుటి డ్రైవరు కంటికి కావలసింది చుట్టుపక్కల దృశ్యం కంటే ప్రకాశవంతంగా ఉండే ఒక చిన్న చుక్క మాత్రమే. చెట్ల నీడలోనూ, ఫ్లైఓవర్‌ కిందా, మబ్బు పట్టిన రోజునా ఆ చుక్క చాలా దూరం నుంచే కనిపిస్తుంది. ఆరుబయట నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు దాని ప్రభావం తగ్గుతుంది. అన్నిటికంటే కష్టమైనది, మీరు ఉదయం పూట పడమరగా వెళ్లే సందర్భం: అప్పుడు సూర్యుడు మీ వెనుక ఉంటాడు, ఎదురుగా వచ్చేవారి కళ్లలో ఎండ కొడుతుంది, వారికి మీరు ఒక నల్లటి నీడగా మాత్రమే కనిపిస్తారు. ఆ రోడ్డు మీద లైటు ఉన్నా సరే, కూడళ్ల దగ్గర వేగం తగ్గించుకోవలసిందే.

దీనికి ప్రయోగపూర్వకమైన ఆధారం కూడా ఉంది. డెన్మార్క్‌లోని ఓడెన్సే నగరంలో 2004 నవంబరు నుంచి ఏడాది పాటు 3,845 మంది సైకిల్‌దారులతో ఒక పరిశీలన జరిపారు. చక్రపు పుల్లలకు బిగించిన అయస్కాంతాల వల్ల బ్యాటరీ లేకుండానే, రాత్రింబవళ్లు వెలిగే లైట్లను వారిలో సుమారు సగం మందికి ఇచ్చారు. లైట్లు ఉన్నవారిలో గాయాలైన ప్రమాదాల రేటు 19 శాతం తక్కువగా తేలింది. అయితే ప్రమాదాలను ఆ సైకిల్‌దారులే స్వయంగా నమోదు చేశారు, తమ సైకిల్‌కు లైటు ఉందో లేదో వారికి తెలుసు. పైగా ఓడెన్సే రోడ్లు మన రోడ్లు కావు. అందుచేత ఆ అంకెను ఉన్నదున్నట్టు మన ఊళ్లకు వర్తింపజేయలేము కానీ, పగటి లైటు వృథా ఖర్చు అనే వాదన నిలవదని మాత్రం చెప్పవచ్చు.

ఇక ఏది కొనాలన్న సంగతి. ల్యూమెన్‌ అనేది లైటులోంచి అన్ని దిక్కులకూ వెలువడే మొత్తం కాంతికి కొలత. ఎదుటివారి కంటి వైపు ఎంత తీక్షణంగా వస్తోందో చెప్పేది క్యాండెలా. ఒక్క లెక్క చూడండి: 400 ల్యూమెన్లను 90 డిగ్రీల వెడల్పున వెదజల్లితే ముందువైపు తీవ్రత 200 క్యాండెలాల చిల్లరకు మించదు. అదే 150 ల్యూమెన్లను 20 డిగ్రీల ఇరుకు కిరణంగా కూడదీస్తే 1,500 క్యాండెలాలు దాటుతుంది. కార్లకు పగటిపూట వెలిగే లైట్ల విషయంలో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన కోరే కనీస తీవ్రత 400 క్యాండెలాలు. మీరు చూసిన రెండింటిలో పెద్ద అంకె ఉన్నదే గొప్పదని అనుకోనక్కరలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. మరీ ఇరుకు కిరణమూ మంచిది కాదు, ఎందుకంటే పక్కసందులోంచి తల బయటపెట్టే ఆటోకు అది కనిపించదు. మధ్యలో బలమైన కిరణం ఉండి, రెండు పక్కలా కాంతి బయటికి వచ్చే చిన్న కిటికీలు ఉన్న లైటును ఎంచుకోండి. పెట్టె మీద క్యాండెలాలు రాయడం అరుదు కాబట్టి దుకాణదారును అడిగి లైటును ఎండలోకి తీసుకువెళ్లి, ఒకరిని పట్టుకోమని మీరు వంద అడుగులు వెనక్కి నడిచి, ఆటో సీటులో కూర్చున్నవారి కంటి ఎత్తుకు వంగి చూడండి. పెట్టె మీది అంకెల కంటే ఆ చూపే నమ్మదగినది.

పగటిపూట మిణుకు పద్ధతినే వాడండి. మన దేశంలో 2017 ఏప్రిల్‌ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజన్‌తో పాటు ముందు దీపం దానంతటదే వెలగాలన్న నిబంధన ఉంది కనుక, నిలకడగా వెలిగే తెల్లటి చుక్క ఆ గుంపులో కలిసిపోతుంది. సెకనుకు ఒకటి రెండు సార్లు మెరిసేది విడిగా తెలుస్తుంది. బ్యాటరీకి కూడా ఇదే మేలు. ఇంత చిన్న లైట్లలో 500 మిల్లీఆంపియర్‌ అవర్‌ బ్యాటరీ ఉందనుకుంటే, 150 ల్యూమెన్లతో నిలకడగా వెలిగించినప్పుడు అది గంట పైచిలుకు మాత్రమే వస్తుంది. పదో వంతు కాలం మాత్రమే వెలిగేలా మెరిపిస్తే పది గంటలు దాటవచ్చు. చీకటి పడ్డాక మాత్రం మిణుకు ఆపేయండి. అది ఎదుటివారి కళ్లను ఇబ్బంది పెట్టడమే కాక, మీరు ఎంత దూరంలో ఉన్నారో వారికి అంచనా అందకుండా చేస్తుంది.

బిగించే విషయంలో జరిగే పొరపాట్లు లైటు ఎంపికలో జరిగే పొరపాట్ల కంటే ఎక్కువ. రాత్రి లైటును కాస్త కిందికి వంచుతారు. పగలు అది నేలకు సమాంతరంగా, సూటిగా ముందుకు ఉండాలి. హ్యాండిల్‌కు తగిలించిన క్యారేజీ సంచి గానీ, బ్రేకు తీగలు గానీ దాని ముందుకు వచ్చాయంటే పెట్టిన డబ్బంతా సంచికే వెలుగునిస్తుంది. రబ్బరు పట్టీ వదులైతే గతుకుల రోడ్డు మీద లైటు కిందికి వాలిపోతుంది కాబట్టి, బయలుదేరే ముందు ఒకసారి చేతితో సరిచూసుకోండి. ముందు లైటు వెనుక నుంచి వచ్చే లారీకి ఏ సూచనా ఇవ్వదు. అందుకు ఎర్ర లైటు వేరుగా కావాలి.

ప్రశ్న: మా ఊళ్లో మే నెల ఎండకూ, ఆ తరువాతి వానలకూ ఈ చిన్న లైట్లు తట్టుకుంటాయా?
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: వానకు తట్టుకుంటాయి. నీటిని ఎంత తట్టుకోగలదో తెలిపే గుర్తు ఐపీఎక్స్‌ 4 అని ఉంటే అన్ని వైపుల నుంచి పడే జల్లులకు ఆగుతుంది, ఐపీఎక్స్‌ 7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా పాడవదు. ఛార్జింగ్‌ రంధ్రానికి ఉండే రబ్బరు మూత ఊడిపోయిన రోజున మాత్రం ఈ హామీలేవీ పనిచేయవు. అసలు శత్రువు ఎండ. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలకు పైబడిన వేడిలో ఛార్జి చేయకూడదు. ఎండలో నిలిపిన సైకిల్‌ మీది నల్లటి లైటు గాలి కంటే బాగా వేడెక్కుతుంది కాబట్టి, ఇంట్లోకి తెచ్చి చల్లారిన తరువాతనే ఛార్జింగ్‌ పెట్టండి.

ప్రశ్న: జర్మనీలో చదువుకుంటున్న మా అబ్బాయికి ఇక్కడి నుంచి ఇలాంటి లైటు పంపవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పంపకండి. అక్కడ సైకిల్‌ లైట్లకు ప్రభుత్వ ఆమోదం తప్పనిసరి. ఆమోదం పొందిన లైటు మీద అల వంటి గీత, దాని పక్కన కె అక్షరం, కొన్ని అంకెలు అచ్చువేసి ఉంటాయి. సైకిల్‌ ముందు లైటు మిణుకుమనడం అక్కడ నిషిద్ధం. బ్యాటరీ లైటును పగలు తగిలించుకుని తిరగాలన్న నిర్బంధం మాత్రం 2017 నుంచి లేదు. ఆ గుర్తు ఉన్న లైటును మీ అబ్బాయి అక్కడే కొనుక్కోవడం మంచిది.