‘ఫోటోగ్రాఫర్‌ని’ అని ఎప్పుడు చెప్పుకోవచ్చు?

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. రెండేళ్ళ క్రితం స్కాలర్‌షిప్ డబ్బులకు అమ్మమ్మ ఇచ్చినవి కలిపి సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. చుట్టాల ఇళ్ళలో బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, ఒక గృహప్రవేశం తీశాను. ఫోటోలు బాగున్నాయనే అంటున్నారు. ఇన్‌స్టాలో నా పేరు కింద ‘ఫోటోగ్రాఫర్’ అని మూడుసార్లు పెట్టి మూడుసార్లూ తీసేశాను. ‘కెమెరా కొన్నవాళ్ళంతా ఫోటోగ్రాఫర్లేనా’ అని మా పెద్దనాన్న కొడుకు ఏడిపిస్తాడు. ఇప్పుడు మా వీధిలో ఒక ఆంటీ వాళ్ళ అమ్మాయి పెళ్ళికి నన్నే తీయమంటున్నారు, పదిహేను వేలిస్తామన్నారు. నాన్నేమో బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. అసలు నన్ను నేను ఫోటోగ్రాఫర్‌నని చెప్పుకోవచ్చా? ఆలోచిస్తుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: నా కూతురి ఈడుదానివి, నువ్వు అనే రాస్తాను.

ముందు మా ఇంటి సంగతొకటి. నా పెళ్ళి 1996లో అయింది. ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం ఉంది, తలంబ్రాలున్నాయి, అప్పగింతల్లో మా అమ్మ ఏడుస్తున్న ఫోటోలు నాలుగున్నాయి. మూడు ముళ్ళ ఫోటో మాత్రం లేదు. ఆ పేజీలో ఉన్నది మా మేనమామ వీపు, గాల్లో కొన్ని అక్షింతలు. సరిగ్గా గట్టిమేళం మోగే వేళకు ఫోటోలాయన రీలు మారుస్తున్నాడు. అప్పట్లో రీలుకు ముప్ఫై ఆరు ఫోటోలు. నాలుగు మిగిలి ఉండగానే దాన్ని తీసేసి కొత్తది ఎక్కించుకోవాలని ఆయనకు తట్టలేదు. మనిషి మంచివాడు. ఊళ్ళో స్టూడియో ఉంది, పెద్ద బోర్డుంది, అసిస్టెంట్ కూడా ఉన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ పేజీ తిప్పినప్పుడల్లా మా ఆయన “ఇంతకీ తాళి కట్టింది నేనేనంటావా?” అంటారు.

నువ్వు అడిగింది బోర్డు గురించి. నాకు గుర్తొచ్చింది ఆ పేజీ.

డాక్టరుకీ, లాయరుకీ, చార్టర్డ్ అకౌంటెంటుకీ ఆ పేరు పెట్టుకోవాలంటే ఎక్కడో ఒకచోట రిజిస్టర్ కావాలి. ఫోటోగ్రాఫర్‌కి మన దేశంలో లైసెన్సూ లేదు, పరీక్షా లేదు. నువ్వు ఈ రాత్రికే పెట్టుకున్నా తప్పు పట్టే ఆఫీసు ఏదీ లేదు. అడ్డుకునేవాళ్ళు లేరు కనుకే నీకింత ఇబ్బందిగా ఉంది. హాల్ టికెట్ నంబరు, మార్కుల మెమో చూసుకుని పెరిగిన పిల్లలకు ‘నువ్వే తేల్చుకో’ అంటే కాలూ చెయ్యీ ఆడదు. నా దగ్గరికి వచ్చే వాళ్ళలో సగం మంది గోల ఇదే.

ఈ మాటను మనం రెండు రకాలుగా వాడతాం. ఒకటి నీకోసం. షికాగోలో వివియన్ మేయర్ అనే ఆవిడ దశాబ్దాల పాటు ఇళ్ళలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసింది. సెలవు దొరికితే వీధుల్లో ఫోటోలు తీసేది. లక్షకు పైగా తీసింది. దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆవిడ సామాన్లు వేలానికి వచ్చి పెట్టెలు తెరిచాకే సంగతి బయటపడింది. 2009లో చనిపోయింది, పేరు ఆ తర్వాత వచ్చింది. పక్కింటివాళ్ళను అడిగి ఉంటే ‘ఆ ఆయానా?’ అనేవాళ్ళు. ఆవిడ ఫోటోగ్రాఫర్ కాదనగలమా? ఈ లెక్కన నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు, మీ అన్నను అసలే అడగక్కర్లేదు.

రెండోది ఎదుటివాళ్ళకు చెప్పే మాట. ఆంటీ వాళ్ళతో ‘నేను ఫోటోగ్రాఫర్‌ని’ అన్నావంటే, ‘ఆ రోజు మీ ఇంట్లో జరిగేది మళ్ళీ జరగదు, అది నా చేతిలో భద్రంగా ఉంటుంది’ అని మాటిచ్చినట్టు. బారసాలలో పిల్లాడు అటు తిరిగితే గిలక ఆడించి ఇటు తిప్పుకోవచ్చు. ఓణీల ఫంక్షన్‌లో ‘అత్తా, ఇంకోసారి అక్షింతలు వేయవా’ అని అడగొచ్చు, నవ్వుతూ వేస్తారు. మూడు ముళ్ళు ఇంకోసారి వేయమనలేం.

ఈ మాటకు జనం వాడే కొలతలు నాకు నచ్చవు. మొదటిసారి డబ్బు తీసుకుంటే ఫోటోగ్రాఫర్ అంటారు. నా పెళ్ళికి ఆయనా తీసుకున్నాడు. ఖరీదైన కెమెరా అంటారు. ఈఎంఐలో ఎవరైనా కొనొచ్చు. ఫాలోవర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పేరు అచ్చు కావాలి అనేవాళ్ళుంటారు. మన దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా తీసిన తొలి ఫోటోలు పత్రికల్లో ఆమె భర్త మానెక్‌షా పేరు మీద అచ్చయ్యాయి. ఫోటో కింద ఎవరి పేరున్నా తీసింది ఆమే.

మన భాషలో కూడా చూడు, ‘ఫోటోలాయన’ అంటాం. ‘ఫోటోలామె’ అన్న మాట నేను ఇంతవరకు వినలేదు. నువ్వు మూడుసార్లు తీసేయడంలో దీని పాత్ర కూడా కొంత ఉందేమో చూసుకో.

నేను పెట్టే కొలత ఒకటే. వెలుతురు చాలక, మనుషులు అడ్డొచ్చి, మళ్ళీ దొరకని సందర్భంలో కూడా చూడదగ్గ ఫోటో తెచ్చి ఇవ్వగలవా? అద్భుతంగా ఉండక్కర్లేదు, ఉండాలి అంతే. పదిసార్లు వెళ్తే పదిసార్లూ రావాలి. నీ ఇన్‌స్టాలో ఉన్నవి నీ మంచి రోజులు. నిన్ను పిలిచేవాళ్ళకు నీ చెడ్డ రోజు ఎలా ఉంటుందో తెలియాలి.

ముహూర్తం వేళ మండపం ఎలా ఉంటుందో ఊహించుకో. హోమం పొగ. ఒకవైపు వీడియో అతని లైటు. ‘గట్టిమేళం’ అని పంతులుగారు చేయి ఎత్తగానే అప్పటిదాకా కూర్చున్న నలభై మంది ఒక్కసారి లేస్తారు. అక్షింతలు నీ లెన్స్‌కూ పెళ్ళికూతురికీ మధ్య ఎగురుతుంటాయి. కెమెరా పాపం బియ్యపు గింజల మీద ఫోకస్ పెడుతుంది. అందుకే ఫోకస్ ముందే పట్టి ఉంచాలి. పెళ్ళికొడుకు ఎటు నిలబడి కడతాడో పంతులుగారినే ముందుగా అడిగి తెలుసుకోవాలి. చాలా ఎల్ఈడీ లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి కనబడదు కానీ షట్టర్ స్పీడు సెకనులో వందో వంతు (1/100) కంటే వేగంగా పెడితే ఫోటోలో అడ్డంగా చారలొస్తాయి. ఇక కెమెరాతో వచ్చే కిట్ లెన్స్‌ను 55 ఎంఎం దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 (ఈ ఎఫ్ నంబరు ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). అదే 50 ఎంఎం లెన్స్‌లో ఎఫ్ 1.8 ఉంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఇవన్నీ తెలిసి, చేతికి అలవాటై, ఆ నిమిషంలో ఆలోచించకుండా జరిగిపోవాలి. (ఈ సంగతులు నాకు చెప్పింది వరంగల్‌లో పెళ్ళిళ్ళు తీసే నా పాత స్టూడెంట్. సలహాలు చెప్పే మాలాంటి కౌన్సెలర్లకు అన్నీ తెలుసనుకోకు.)

మరి ఆంటీ వాళ్ళ పెళ్ళి? ఒక్కదానివే ఒప్పుకోకు. వద్దని కూడా అనకు.

వాళ్ళింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు: “ఆంటీ, ఇంటి ఫంక్షన్లు తీశాను, పెళ్ళి ఇంతవరకు తీయలేదు. ముహూర్తానికి అనుభవం ఉన్నవాళ్ళను పెట్టుకోండి. పెళ్ళికూతుర్ని చేయడం, మంగళస్నానాలు, గౌరీపూజ నేను తీస్తాను. పెళ్ళిలో వాళ్ళతో పాటు సెకండ్ కెమెరాగా ఉంటాను. నాకు అయిదు వేలివ్వండి చాలు.” పదిహేనులో పది పోతాయని బాధపడకు. ముహూర్తం ఫోటో పోయాక అదే వీధిలో నడవడం కంటే ఇది చవక. పైగా ఆ రాత్రి సీనియర్ పక్కన నిలబడితే ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు బ్యాటరీ మార్చాలో, అడ్డొచ్చిన బాబాయిని నొప్పించకుండా ఎలా జరపాలో చూస్తావు. ఇలా ఓ పది పెళ్ళిళ్ళు వెళ్ళు. ఏదో ఒకదాంట్లో ఆయన టీకి వెళ్ళినప్పుడు పంతులుగారు నీవైపు తిరిగి “ఏమ్మా, ఫోటోలయ్యాయా, కానివ్వమంటావా?” అంటారు. ఆయన నీకోసం మంత్రం ఆపారంటే సంగతి అర్థమైనట్టే.

ఇంటి వేడుకలు నువ్వే తీయాలని ఊరికే అనలేదు. నలుగు పెట్టే చోట, చీర కట్టే గదిలో మగ ఫోటోగ్రాఫర్ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. నువ్వు ఆగక్కర్లేదు. ఇది కొత్త సంగతేం కాదు. హైదరాబాద్‌లో 1892లోనే లాలా దీన్ దయాళ్ పరదా పాటించే ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఆ అవసరం ఇప్పటికీ ఉంది. పగటి వెలుతురు, తెలిసిన మనుషులు, నువ్వు ఇప్పటికే బాగా తీసేది కూడా ఇదే.

డబ్బు తీసుకోవడం మొదలయ్యాక ఒక విషయం మారుతుంది, చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు వాళ్ళదే. ఫ్రీగా తీసిన అత్త కూతురి ఫోటో పెట్టినంత తేలిగ్గా ఆంటీ వాళ్ళ అమ్మాయి ఫోటో ఇన్‌స్టాలో పెట్టలేవు. ఒక కాగితం మీద రాసుకో: ఎన్ని ఫోటోలు ఇస్తావు, ఎప్పటికి ఇస్తావు, అడ్వాన్స్ ఎంత, ఏవి నీ పేజీలో పెట్టుకోవచ్చు. వీధిలో వాళ్ళేగా అని మొహమాటపడకు, వీధిలో వాళ్ళు కనుకే రాసుకోవాలి. నీ కెమెరాలో కార్డు పెట్టే చోటు ఒక్కటే ఉంటే మధ్యమధ్యలో కార్డులు మార్చు. ఆ రాత్రే, ఎంత నిద్రొచ్చినా, రెండు చోట్ల కాపీ చేసి పడుకో.

నాన్నగారి సంగతి. ఆయన భయం తప్పని నేననను. బ్యాంకు జీతం ఒకటో తారీఖుకి పడుతుంది. పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కి ఆషాఢం ఖాళీ, పుష్యం ఖాళీ, మధ్యలో మూఢం వస్తే అదీ ఖాళీ. నువ్వు బీకాం చదివావు, ఏడాది లెక్క వేసి చూడు: కెమెరా, లెన్స్ అద్దెలు, ప్రయాణాలు, ఆల్బమ్ ఖర్చు ఒకవైపు, ముహూర్తాలున్న నెలలు ఒకవైపు. ఆ కాగితం నాన్నగారికి చూపించు. ‘నాకు ఇష్టం’ అనే మాట కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇందాక చెప్పిన దీన్ దయాళ్ కూడా ఒక్కరోజులో ఉద్యోగం వదిలేయలేదు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కెమెరా పట్టింది ఆ ఉద్యోగంలో ఉండగానే, 1870ల్లో. ఉద్యోగం వదిలి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టింది 1880ల్లో. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యి ‘రాజా’ బిరుదు కూడా పొందారు. కనుక కోచింగ్‌లో చేరు. ముహూర్తాలు లేని నెలల్లో గట్టిగా చదువు, ఉన్న నెలల్లో శని ఆదివారాలు సెకండ్ కెమెరాగా వెళ్ళు. ఏడాది తర్వాత ఏ వైపు మొగ్గాలో నేను చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

చదువే కావాలంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫోటోగ్రఫీలో నాలుగేళ్ళ బీఎఫ్ఏ ఉంది, కానీ అది ఇంటర్ తర్వాత చేరే కోర్సు. బీకాం చివరి ఏడాదిలో వెనక్కి వెళ్ళమని నేననను. పీజీ స్థాయిలో గుజరాత్ గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో ఫోటోగ్రఫీ డిజైన్ ఉంది. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకో.

ఇన్‌స్టా పేరు కింద ప్రస్తుతానికి ఇలా పెట్టు: ‘బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, ఇంటి వేడుకల ఫోటోలు. ఖమ్మం.’ ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, మీ అన్న అనడానికీ ఏమీ దొరకదు. పిలవాలనుకున్నవాళ్ళకు ‘ఫోటోగ్రాఫర్’ అనే ఒక్క మాట కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. పది పెళ్ళిళ్ళయ్యాక ‘పెళ్ళిళ్ళు’ కూడా కలుపు.

అన్నట్టు, ముహూర్తం ఎన్నింటికో నువ్వు రాయలేదు. తెల్లవారుజామున అయితే ఆ 50 ఎంఎం లెన్స్ అద్దెకైనా తెచ్చుకోవాలి, ముందు రోజు సాయంత్రమే మండపంలో లైట్లు వేయించి చూసుకోవాలి. ఆంటీ దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట అది అడుగు.