టానిక్ సంగతి తర్వాత, ముందు ఆ నిద్రమాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 46. మా అబ్బాయికి 17 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవు). అప్పుడప్పుడు ఫిట్స్ కూడా వస్తాయి. ఎత్తడం, దించడం, స్నానం, తిండి అన్నీ నేనే చూసుకోవాలి. నిద్ర పట్టక ఏడాదిగా మందుల షాపులో అడిగి ఆల్‌ప్రజోలం వేసుకుంటున్నాను. మొదట సగం మాత్ర, ఇప్పుడు రెండు. నడుం నొప్పి, నీరసం. చిన్నదానికే వాడి మీద అరిచి, తర్వాత ఏడుస్తున్నాను. ఒక్కోసారి మేమిద్దరం లేకపోతేనే నయమనిపిస్తుంది. బలానికి మంచి టానిక్ చెప్పగలరు. - ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: టానిక్ గురించి అడిగారు గానీ అమ్మా, దానికి ముందు రాసిన వాక్యమే నాకు కంగారు పుట్టించింది. ఆ ఆలోచన తరచుగా వస్తోందా? ఎలాగన్నది కూడా మనసులో మెదులుతోందా? అలాగైతే ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి, ఈ రోజే మానసిక వైద్యుల దగ్గరికో, ఆసుపత్రి అత్యవసర విభాగానికో వెళ్లండి. అప్పుడప్పుడే వస్తున్నా ఈ వారం దాటనివ్వకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ మరొకరికి అప్పగించి, ఏ రోజు మోతాదు ఆ రోజు వాళ్ల చేత ఇప్పించుకోండి.

ఇక ఆ మాత్ర. సగం కాస్తా రెండు అయిందంటేనే ఒంటికి అలవాటు పడిందని అర్థం. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. షాపులో ఇచ్చారు, మీరు తెచ్చుకున్నారు, ఇద్దరిదీ తప్పే. అలాగని భయపడి రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. ఎన్నడూ మూర్ఛ ఎరుగని వాళ్లకు కూడా అలా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించాలి. రెండు మాత్రలు వేసుకుని పడుకున్న రాత్రి అబ్బాయికి ఫిట్స్ వస్తే మీకు మెలకువ వస్తుందా? ఆ మత్తు వదలకముందే పొద్దున్నే 17 ఏళ్ల పిల్లాణ్ని ఎత్తబోతే ఇద్దరూ పడతారు. ఇంకో మాట, వాడు పడుకోవడం లేదని అందులో ముక్క విరిచి వాడికి పెట్టలేదు కదా? ఓపీలో ఇలాంటి తల్లులను చూశాను కాబట్టి అడుగుతున్నాను. దయచేసి ఆ పని మాత్రం చేయవద్దు.

మీ కోపం, ఏడుపు మీరు చెడ్డ తల్లి అయినందుకు కాదు. డిప్రెషన్ కావచ్చు, ఈ వయసులో థైరాయిడ్, రక్తహీనత, నెలసరి మార్పులు కూడా కారణం కావచ్చు. చూడకుండా ఇదేనని చెప్పలేను. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి, టానిక్ అవసరమో కాదో అప్పుడు తేలుతుంది. నడుముకు ఎక్స్‌రే కంటే ముందు, ఒక్కరే ఎత్తడం మానాలి. దుప్పటి సాయంతో జరపడం ఎలాగో ఫిజియోథెరపిస్టు ఒక్క పూటలో నేర్పుతారు. వారానికి రెండు రాత్రులైనా వాడి పక్కన మరొకరు పడుకునే ఏర్పాటు చూడండి. ఇది మందు కాదని తీసిపారేయకండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, లేకపోతే దరఖాస్తు చేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి. మీరు రాసిన రెండు మాత్రలు 0.25 మిల్లీగ్రాములవో, 0.5వో అట్ట మీద చూస్తే గానీ తెలియదు.