చర్చిల్ కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన స్క్రీన్‌ప్లే ఆసాంతం చదివాను. చేయి తిరుగుతోంది నీకు. డైలాగులో బిగువుంది, సీను ఎక్కడ తుంచాలో తెలుస్తోంది. అయినా చదువుతున్నంతసేపూ ఒక సంగతి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. 1940 మే 10న బ్రిటన్ ప్రధాని కుర్చీలో కూర్చున్న నీ చర్చిల్‌కు 1945లో యుద్ధం గెలుస్తామని ముందే తెలుసు. నడకలో తెలిసిపోతోంది, చుట్ట వెలిగించే తీరులో తెలిసిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు కాబట్టి వాళ్లంతా పిరికివాళ్లుగా మిగిలిపోయారు.

ఆ రోజును అతని వైపు నుంచి చూడు. వయసు 65. ఆ తెల్లవారుజామునే జర్మన్ సేనలు హాలండ్, బెల్జియంల మీద పడ్డాయి. అంతకుముందు ప్రధాని చాంబర్లేన్ గద్దె దిగింది నార్వేలో జర్మన్లను అడ్డుకోలేకపోయిన వైఫల్యం వల్ల. ఆ నార్వే వ్యవహారం నడిచినప్పుడు నౌకాదళ మంత్రి ఎవరనుకున్నావు, చర్చిలే. 1915లో విఫలమైన గాలిపోలీ దండయాత్ర మచ్చ కూడా చెరగలేదు. సొంత కన్జర్వేటివ్ పార్టీ ఎంపీల్లో చాలామందికి అతని మీద గురి లేదు. మే 13న పార్లమెంటు కామన్స్ సభలో కన్జర్వేటివ్‌లు గట్టిగా హర్షధ్వానాలు చేసింది చాంబర్లేన్‌కు. కొత్త ప్రధానికి దక్కింది పొడి మర్యాదే. రక్తం, శ్రమ, కన్నీళ్లు, చెమట తప్ప ఇవ్వడానికి తన దగ్గరేమీ లేదని చర్చిల్ చెప్పింది ఆ సభలోనే. నీ స్క్రిప్టులో సభంతా లేచి నిలబడుతుంది, వెనక డోళ్లు మోగుతాయి. ఆ ఎలివేషన్ తీసెయ్. ముభావంగా కూర్చున్న ఆ ముఖాల మధ్య ఆ మాటలు పలికిన మనిషి కావాలి నాకు.

నీ కథకు ఆయువుపట్టు మే 26, 27, 28 తేదీలు. నువ్వు వాటిని ఒక్క సీనులో దాటేశావు. యుద్ధ మంత్రివర్గంలో ఉన్నది ఐదుగురే: చర్చిల్, చాంబర్లేన్, విదేశాంగ మంత్రి హాలిఫాక్స్, లేబర్ పార్టీ నుంచి అట్లీ, గ్రీన్‌వుడ్. ఇటలీ నియంత ముస్సోలినీ మధ్యవర్తిత్వంతో జర్మనీ సంధి షరతులేమిటో కనుక్కుందామా వద్దా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. హాలిఫాక్స్‌ను నువ్వు విలన్ చేసేశావు. అతని చేతిలో ఏముందో లెక్కవెయ్. ఫ్రాన్స్ కూలిపోతోంది. అమెరికా యుద్ధంలో లేదు. సోవియట్ యూనియన్ జర్మనీతో ఒప్పందం చేసుకుని కూర్చుంది. అక్కడికి పంపిన బ్రిటిష్ సైన్యంలో చాలాభాగం ఫ్రాన్స్‌లోని డంకర్క్ తీరాన చిక్కుకుపోయింది, మే 27న అక్కణ్నుంచి బయటపడినవాళ్లు ఎనిమిది వేల లోపే. 28న బెల్జియం రాజు లొంగిపోయాడు. జూన్ 4 నాటికి మూడు లక్షల 38 వేల మంది ఒడ్డు చేరతారని ఆ గదిలో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు షరతులు అడిగి చూద్దాం, మన స్వాతంత్ర్యానికి చేటు చేసేవైతే కాదందాం అన్నవాడిది పిరికితనం ఎలా అవుతుంది? ఇంగితం ఉన్న ఏ గృహస్థయినా అదే అంటాడు. ఒకసారి సంధి బల్ల దగ్గర కూర్చుంటే మళ్లీ లేచి పోరాడే స్థైర్యం దేశంలో మిగలదని చర్చిల్ వాదన. ప్రేక్షకుడు ముందు హాలిఫాక్స్‌తో తలూపాలి, తర్వాత చర్చిల్‌తో తలూపాలి, ఆపైన ఎటూ తేల్చుకోలేక కుర్చీలో కదలాలి. అది సాధించావంటే చర్చిల్‌ను పెద్దవాణ్ని చేయడానికి వేరే ఏమీ చేయనక్కర్లేదు.

చర్చిల్ కూడా ఆ మూడు రోజులూ కొండలా నిలబడలేదు. మాల్టా, జిబ్రాల్టర్, ఆఫ్రికాలో కొన్ని వలసలు వదులుకుని ఈ ఇరకాటంలోంచి బయటపడగలిగితే ఎగిరి గంతేసి ఒప్పుకుంటానని అతను అన్నట్టు చాంబర్లేన్ డైరీలో ఉంది. హాలిఫాక్స్‌ను బుజ్జగించడానికి అన్నాడా, నిజంగానే మనసు ఊగిందా? చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నువ్వు తేల్చకు. నటుడికి వదిలెయ్, ఆ వాక్యం పలికేటప్పుడు అతని కళ్లు చెబుతాయి.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో, ఒంటరిగా పోరాడాలా వద్దా అన్న ప్రశ్న మంత్రివర్గం అజెండాలోకే రాలేదని రాశాడు. దశాబ్దాల తర్వాత ఆ సమావేశాల మినిట్స్ బయటికొచ్చాక చూస్తే మూడు రోజులూ నలిగింది ఆ ప్రశ్నే. నాయకుడు తన కథను తానే రాసిపెట్టి పోతే, బయోపిక్ రాసేవాళ్లకు అది అన్నిటికంటే పెద్ద ఉచ్చు. జ్ఞాపకాలు చదువు, కాని ఆ ఏడాది ఆ పక్కనే ఉన్నవాళ్లు ఏ రాత్రికారాత్రి రాసుకున్న డైరీలు వాటి పక్కన పెట్టుకుని చదువు. హాలిఫాక్స్ డైరీ ఉంది, ఆంతరంగిక కార్యదర్శి కోల్విల్ డైరీ ఉంది. కోల్విల్ మొదట్లో చర్చిల్ రాకను ఏమాత్రం ఇష్టపడలేదు. అలాంటి కన్ను దొరకడం నీ అదృష్టం.

కల్పన మాటేమిటని అడిగావు. మే 27న రాజీనామా చేస్తానన్నంత దూరం వెళ్లాడు హాలిఫాక్స్. చర్చిల్ అతన్ని తోటలోకి తీసుకెళ్లి మాట్లాడాడు, క్షమాపణలు చెప్పాడు, ఆప్యాయత కురిపించాడు. ఆ మాటలు వరసగా ఎవరూ రాసిపెట్టలేదు. నీ కలానికి చోటు అక్కడుంది, ధైర్యంగా రాయి. ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు అన్నవి మాత్రం కదపకు. నువ్వు రాసిన సీనులో జూన్ 4 ప్రసంగాన్ని ఇంటింటా రేడియో చుట్టూ చేరి చర్చిల్ గొంతులోనే వింటున్నారు. కామన్స్ సభ సమావేశాలు అప్పుడు ప్రసారమయ్యేవి కావు. ఆ సాయంత్రం బీబీసీలో చదివింది వార్తలు చదివే మనిషి. మనందరికీ తెలిసిన ఆ రికార్డింగు 1949లో చేసింది. దాని బదులు ప్రసంగం తయారయ్యే గది రాయి: అతను పచార్లు చేస్తూ చెబుతుంటాడు, టైపిస్టు కొడుతుంటుంది, సభకు తీసుకెళ్లే ప్రతిలో వాక్యాలు పద్యపాదాల్లా విరిగి ఉంటాయి. డంకర్క్ మహిమను పొగుడుతూనే, తరలింపులతో యుద్ధాలు గెలవలేమని అదే ప్రసంగంలో చెప్పాడు. నువ్వు ఆ వాక్యాన్ని కత్తిరించావు, తిరిగి పెట్టు.

విగ్గు, మేకప్, టోపీ గురించి నీకు బెంగ వద్దు. అవి వేరేవాళ్లు చూసుకుంటారు.

చర్చిల్ భార్య క్లెమెంటైన్‌కు నువ్వు ఇచ్చింది టీ కప్పు పట్టుకుని నిలబడే వేషం. 1940 జూన్ 27 నాటి ఆమె ఉత్తరం చూడు. నీ కింద పనిచేసేవాళ్లతో కటువుగా, వెటకారంగా, పెత్తందారీగా ప్రవర్తిస్తున్నావట, ఇలాగైతే వాళ్లు నిన్ను ద్వేషిస్తారని భర్తకు రాసింది. ప్రధాని పల్లె విడిది చెకర్స్‌లో ఉండగా రాసి చింపేశాననీ, అయినా ఇదిగో ఇస్తున్నాననీ చివర్లో చేర్చింది. ఒకే ఇంట్లో ఉండే భార్య నోటితో చెప్పలేక కాగితం మీద పెట్టి, చింపి, మళ్లీ రాసిందంటే ఆ ఇంటి గాలి ఎలా ఉందో ఊహించు. ఒక్క డైలాగు లేకుండా తీయొచ్చు ఆ సీను.

సినిమాను డంకర్క్‌తో ముగించావు. నా మాట విని ఇంకో నెల ముందుకు వెళ్లు. జూలై 3న, జర్మన్ల చేతికి చిక్కకూడదని, నిన్నటిదాకా మిత్రులైన ఫ్రెంచివాళ్ల నౌకల మీద అల్జీరియాలోని మెర్స్ ఎల్ కెబీర్ రేవులో బ్రిటిష్ నౌకాదళం కాల్పులు జరిపింది. దాదాపు 1,300 మంది ఫ్రెంచి నావికులు చనిపోయారు. మర్నాడు చర్చిల్ సభకు ఆ సంగతి చెప్పాడు. మే 13న అతనికి పొడి మర్యాదే చూపిన కన్జర్వేటివ్‌లు ఆ రోజే మొదటిసారి మనస్ఫూర్తిగా లేచి హర్షధ్వానాలు చేశారు. అతను కన్నీళ్లతో కూర్చుండిపోయాడు. నువ్వు మే 13న అక్రమంగా ఇచ్చిన ఆ హర్షధ్వానాలను ఇక్కడికి మార్చు. ఎందుకు దక్కాయో చూపించు.

ఆఖరిది మనకు సంబంధించిన సంగతి. చర్చిల్ ప్రధానిగా ఉండగా వచ్చిన 1943 బెంగాల్ కరువు తలుచుకోకుండా మనవాళ్లెవరూ ఈ సినిమా చూడలేరు. దాన్ని చివర్లో ఒక అక్షరాల కార్డుగా వేసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. నీ కథాకాలంలోనే దారి ఉంది. 1940 జూలైలో ఇండియా వ్యవహారాల మంత్రి ఎమెరీ, వైస్రాయ్ లిన్‌లిత్‌గో కలిసి, యుద్ధం తర్వాత డొమినియన్ హోదా, అంటే బ్రిటిష్ కిరీటం కింద స్వయంపాలన, ఇస్తామని భారతీయులకు స్పష్టంగా చెబుదామన్నారు. చర్చిల్ మండిపడ్డాడు, ముసాయిదాను తానే తిరగరాశాడు. ఆగస్టు 8న వెలువడిన ప్రకటన ఎవరినీ తృప్తిపరచలేదు. ఐరోపా స్వేచ్ఛ కోసం గొంతు చించుకుంటున్న రోజుల్లోనే జరిగిందిది. ఒక్క సీను చాలు. అదే బల్ల, అదే చుట్ట, అదే మొండితనం. ఎవరి చేతా వ్యాఖ్యానం చెప్పించకు, ఎమెరీ కాగితాలు సర్దుకుని వెళ్లిపోతే చాలు.

ముందుగా తోట సీను రాసి పంపు. హాలిఫాక్స్ పక్షాన నిలబడి రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి